తక్కువ తిరిగిన బండి మంచిదేనా?

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. వయసు 41. పరవాడ ఫార్మాసిటీలో ఉద్యోగం. రోజూ రానూపోనూ డెబ్బై కిలోమీటర్ల దాకా నేనే నడుపుతాను. బీఎండబ్ల్యూ త్రీ సిరీస్ మీద ఎప్పట్నుంచో మనసుంది. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నాను. బడ్జెట్ 20 లక్షలు, అందులో 8 లక్షలు లోను. రెండు బండ్లు నచ్చాయి. ఒకటి 2013 మోడల్ 328ఐ పెట్రోలు. ఏపీ 31 రిజిస్ట్రేషన్, బీచ్ రోడ్డు పక్కన ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. 31,000 కిలోమీటర్లే తిరిగింది, పదమూడున్నర లక్షలు చెబుతున్నారు. రెండోది 2017 మోడల్ 320డీ డీజిల్. హైదరాబాద్ బండి, ఒకే ఓనరు, 91,000 తిరిగింది, పదిహేడు లక్షల డెబ్బై ఐదు వేలు. మొదటిది కొత్త బండిలా మెరిసిపోతోంది, నా ఓటు దానికే. మా ఆవిడేమో ఆ డబ్బు పెడితే కొత్త క్రెటా వస్తుంది కదా అంటోంది. ఏది కొన్నా ఐదారేళ్లు టెన్షన్ లేకుండా నడవాలి. ఇప్పుడున్న స్విఫ్ట్ అమ్మేద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?

జవాబు: నా ఓటు రెండో బండికి. అది కూడా కొన్ని షరతుల మీద. మొదటి దాన్ని పది లక్షలకు ఇస్తామన్నా తీసుకోవద్దనే అంటాను. ఎందుకో చెబుతాను.

మనకి ఒక అలవాటుంది. సెకండ్ హ్యాండ్ బండి దగ్గరికి వెళ్లగానే మీటర్ చూస్తాం. 31,000 కనబడిందంటే సగం బేరం అయిపోయినట్టే. స్విఫ్ట్‌కో, ఇన్నోవాకో ఆ లెక్క కొంతవరకు పనికొస్తుంది. ఇలాంటి జర్మన్ బండ్ల విషయంలో మాత్రం కిలోమీటర్లతో పాటు ఏళ్లు కూడా లెక్కపెట్టాలి. చాలాసార్లు ఏళ్లే ఎక్కువ బరువు తూగుతాయి. వీటి ఇంజిన్ చుట్టూ ప్లాస్టిక్, రబ్బరు భాగాలు చాలా ఉంటాయి. కూలెంట్ పైపులు, ట్యాంకు, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్, వాల్వ్ కవర్, ఇంజిన్ మౌంట్లు, సస్పెన్షన్ బుష్‌లు. బండి తిరిగినా, సెల్లార్‌లో పడుకున్నా ఇవి పెళుసుబారుతూనే ఉంటాయి. పన్నెండేళ్ల రబ్బరు పన్నెండేళ్ల రబ్బరే, మీటర్ మీద ఏమున్నా సరే.

పన్నెండేళ్లకు పైబడిన కాలంలో 31,000 అంటే ఏడాదికి రెండున్నర వేలు. రోజుకు ఏడు కిలోమీటర్ల లోపే. బీచ్ రోడ్డు నుంచి సిరిపురం దాకా వెళ్లి రావడానికి సరిపోయే దూరం. ఇంజిన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కేలోపే బండి మళ్లీ పార్కింగ్‌లోకి వచ్చేస్తుంది. అలా రోజూ జరిగితే ఆయిల్‌లో తేమ, కాలని పెట్రోలు చేరతాయి. బ్యాటరీ సరిగా ఛార్జ్ కాదు. పైగా ఇంత తక్కువ తిరిగే బండికి ఓనర్లు ఆయిల్ కూడా ఏటా మార్చరు. ‘ఇంకా ఐదు వేలే కదా తిరిగింది’ అని రెండేళ్లు, మూడేళ్లు అదే ఆయిల్ మీద నెట్టుకొస్తారు.

ఆ పాత ఆయిల్ ఏ ఇంజిన్‌కూ మంచిది కాదు. 2013 నాటి 328ఐలో ఉన్న ఇంజిన్‌కైతే మరీ చెడ్డది. దాని పేరు ఎన్20. రెండు లీటర్ల టర్బో, 245 హార్స్‌పవర్. నడపడానికి భలే ఉంటుంది, మీ మనసు దాని మీదకు ఎందుకు లాగిందో నాకు తెలుసు. కానీ ఆ ఇంజిన్‌లో, వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే టైమింగ్ చైన్‌ను పట్టి ఉంచే గైడ్లు ప్లాస్టిక్‌వి, ఆ తొలి ఏళ్లలో వాడిన ప్లాస్టిక్ నాసిరకం. కాలం గడిచేకొద్దీ పెళుసెక్కి ముక్కలవుతుంది. ఆ ముక్కలు కింద ఆయిల్ నిలిచే తొట్టి (సంప్)లో పడి, పంపు ఆయిల్ లాగే జాలీకి అడ్డం పడతాయి. చైన్ జారినా, ఆయిల్ అందకపోయినా ఇంజిన్ పోయినట్టే. అమెరికాలో దీని మీద కోర్టు కేసు నడిచి, కంపెనీ రాజీకొచ్చి వారంటీ పొడిగించాల్సి వచ్చింది. 2015 నుంచి తయారైన ఇంజిన్లలో గైడ్లు మార్చారు. మీరు చూసిన బండి అంతకు ముందుది.

ఒకవేళ ఆ ఓనరు చైన్, గైడ్లు మార్పించి, బిల్లు చేతిలో పెడితే అప్పుడు కొంచెం ఆలోచించొచ్చు. బిల్లు లేకుండా ‘అదంతా చేయించేశామండీ’ అంటే చేయించనట్టే లెక్క.

ఆ బండికి ఇంకో రెండు చిక్కులున్నాయి. ఏపీ 31 నంబరుతో 2013 బండి అంటే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు బహుశా ఊళ్లోనే ఉండి ఉంటుంది. ఆ రోజు బీచ్ రోడ్డు చుట్టుపక్కల బండ్ల మీద చెట్లు, రేకులు, హోర్డింగులు పడ్డాయి. అద్దాలు పగిలి లోపలికి వాన కొట్టిన బండ్లు ఎన్నో. మెరిసిపోతోందని రాశారు. పన్నెండేళ్ల బండి అంతగా మెరుస్తుంటే మళ్లీ పెయింట్ పడిందేమో చూడాలి. మంచి షెడ్డులో పెయింట్ మందం కొలిచే మీటర్ ఉంటుంది. నాలుగు డోర్లూ, టాప్, బోనెట్ మీద పెట్టి చూస్తే ఏ ప్యానెల్ మీద రెండోసారి రంగు పడిందో అంకెల్లో తేలిపోతుంది. రెండో చిక్కు ఉప్పుగాలి. సముద్రానికి అంత దగ్గరగా ఏళ్ల తరబడి ఆగి ఉన్న బండిని లిఫ్ట్ మీద ఎత్తకుండా కొనకూడదు. పైన రంగు కాపాడుతుంది. కింద సబ్‌ఫ్రేమ్ బోల్టులు, బ్రేక్ పైపుల క్లిప్పులు మాత్రం తుప్పు పట్టి, ఏసీ కండెన్సర్ రెక్కలు తెల్లగా పొడిబారి కనిపిస్తాయి. కండెన్సర్ రెక్కలను వేలితో మెల్లగా తాకి చూడండి, పొడిలా రాలితే ఆ ఏసీ ఎండాకాలం దాటదు.

డబ్బు లెక్కలోనూ ఆ బండి మీకు కుదరదు. పన్నెండేళ్లు దాటిన బండికి చాలా బ్యాంకులు లోను ఇవ్వవు. 2028లో రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు నిండుతుంది. అప్పుడు ఫిట్‌నెస్ చేయించి, గ్రీన్ టాక్స్ కట్టి రెన్యువల్ చేయించుకోవాలి. ఐదారేళ్లు వాడదామని కొని మధ్యలో ఆ తంటా ఎందుకు? ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఆ మోడల్‌ను దీన్ని దృష్టిలో పెట్టుకుని తయారు చేయలేదు.

ఇక డీజిల్ బండి. 2017 నాటి 320డీలో ఉండేది బీ47 ఇంజిన్, 190 హార్స్‌పవర్. దీనికి ముందు వచ్చిన ఎన్47 డీజిల్‌కు టైమింగ్ చైన్ విషయంలో చాలా చెడ్డపేరుంది. చైన్ ఇంజిన్ వెనకవైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. చిన్న పనికి కూడా పెద్ద ఆపరేషన్ చేయాలి. బీ47లోనూ చైన్ వెనకే ఉన్నా ఆ రోగం చాలావరకు తగ్గింది. కాబట్టి 2016కు ముందు 320డీ ఎవరైనా చవగ్గా చూపిస్తే, రెండూ ఒకటే కదా అనుకోకండి. బయట నుంచి చూస్తే బంపర్లు, లైట్లు కాస్త తేడా, అంతే. లోపల ఇంజిన్ వేరు.

బీ47కు ఉన్న ముఖ్యమైన జబ్బు ఈజీఆర్ కూలర్. సైలెన్సర్ వైపు వెళ్లే వేడి పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్లీ ఇంజిన్‌లోకి పంపే భాగం అది. లోపల పగులొచ్చి కూలెంట్ కారితే, అది అక్కడ పేరుకున్న మసితో కలిసి, వేడికి చివరికి మంటలు అంటుకునే ప్రమాదం ఉంది. 2018లో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ డీజిల్ బండ్లు వరసగా కాలిపోయి పెద్ద గొడవైంది. కంపెనీ అక్కడ లక్షకు పైగా బండ్లను బాగుచేయడానికి వెనక్కి పిలిచింది, తర్వాత ఇతర దేశాల్లోనూ రీకాల్స్ జరిగాయి. మీరు చేయాల్సిందల్లా ఒకటే: ఆర్సీ మీద ఉండే ఛాసిస్ నంబరు తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. ఈ బండికి రీకాల్ పెండింగ్ ఉందా, కూలర్ ఎప్పుడైనా మార్చారా అని అడగండి. అలాగే బండి చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ట్యాంకు మూత తీసి లెవెల్ చూడండి. ‘నెలకోసారి కొంచెం పోస్తుంటాం’ అని డ్రైవర్ నోట వస్తే అక్కడే ఆగిపోవాలి.

గేర్‌బాక్స్ విషయానికొస్తే ఇది ఈ బండికి పెద్ద బలం. జడ్ఎఫ్ కంపెనీ చేసిన ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. బాగా చూసుకుంటే రెండు, మూడు లక్షల కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా తిరుగుతుంది. కానీ ఇక్కడే ఒక తమాషా. బీఎండబ్ల్యూ పుస్తకంలో గేర్ ఆయిల్ జీవితకాలం సరిపోతుందని ఉంటుంది. ఆ గేర్‌బాక్స్ తయారు చేసిన జడ్ఎఫ్ వాళ్లేమో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటారు. తయారుచేసినవాడి మాటే నేను వింటాను. మీ బండి సరిగ్గా ఆ లెక్కలోనే ఉంది, 91,000. మార్చినట్టు బిల్లు లేకపోతే కొన్న నెలలోనే మార్పించాలి. ఫిల్టర్, సంప్ కలిసి ఒకే ప్లాస్టిక్ ముక్కగా వస్తాయి కాబట్టి మొత్తం మార్చాలి, ఆయిల్ ఒక్కటే దింపి పోస్తామనే షెడ్డుకు ఇవ్వకండి. ఈ ఖర్చును బేరంలో వాడుకోండి.

91,000 అంటే ఎక్కువనిపిస్తుంది కానీ, ఎనిమిది తొమ్మిదేళ్లలో అంటే ఏడాదికి పది, పదకొండు వేలు. డీజిల్ బండికి అది ఆరోగ్యకరమైన తిరుగుడు. హైవే మీద తిరిగిందా, హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో తిరిగిందా అన్నది తేల్చుకోండి. సర్వీస్ బిల్లుల మీద తేదీ, కిలోమీటర్లు రెండూ ఉంటాయి. అన్నీ వరసగా బల్ల మీద పరిచి చూడండి. నెలకు వెయ్యి చొప్పున నిదానంగా పెరిగితే సరే. ఒకచోట 64,000 ఉండి తర్వాతి బిల్లులో 58,000 ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఈ బండ్లలో కిలోమీటర్ల లెక్క మీటర్‌లో మాత్రమే ఉండదు, తాళంచెవిలోనూ ఇతర కంప్యూటర్లలోనూ ఉంటుంది. కంపెనీ వర్క్‌షాపులో తాళంచెవి చదివే యంత్రం ఉంటుంది. మీటర్ వెనక్కి తిప్పేవాడు అన్నిచోట్లా తిప్పడం కష్టం.

హైదరాబాద్ బండి కాబట్టి 2020 అక్టోబరు వరదల సంగతి అడగాలి. ఆ మాటకొస్తే ఇప్పుడు ఏ బండికైనా విజయవాడతో సంబంధం ఉంటే 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఎక్కడుందో తెలుసుకోవాలి. నీళ్లలో మునిగిన బండిని కడిగి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి అమ్మేస్తారు. వైరింగ్, కంప్యూటర్లు మాత్రం ఆర్నెల్లకో, ఏడాదికో ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి. కనిపెట్టడానికి సులువైన చోటు సీటు బెల్టు. చివరిదాకా లాగండి. రోజూ బయటికి రాని ఆ ఆఖరి అడుగు పొడవులో బురద గీత ఉందేమో చూడండి. సీటు కింద రైలు బోల్టులకు తుప్పు పట్టిందా, డిక్కీలో మ్యాట్ ఎత్తితే మూలల్లో ఒండ్రు ఉందా అన్నదీ చూడండి. ఈ బండ్లలో బ్యాటరీ డిక్కీలోనే ఉంటుంది, దాని చుట్టూ ప్రత్యేకంగా చూడండి.

పాలసీ కాగితం కూడా చాలా చెబుతుంది. నో క్లెయిమ్ బోనస్ ఎంతుందో చూడండి. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, అలా పెరుగుతూ ఐదేళ్లకు 50 శాతం అవుతుంది. ఒకే ఓనరు, తొమ్మిదేళ్ల బండి, బోనస్ 20 శాతమే ఉందంటే ఈమధ్యే పెద్దదో చిన్నదో ఒక క్లెయిమ్ జరిగింది. ఏం జరిగిందని అడగడం మీ హక్కు. ఆ బోనస్ మీకు రాదు, అమ్మేవారి దగ్గరే ఉండిపోతుంది. మీ ప్రీమియం లెక్క వేసుకునేటప్పుడు అది గుర్తుంచుకోండి.

బండి నడిపి చూసేటప్పుడు ముందురోజు రాత్రే ఫోన్ చేసి, ‘పొద్దున నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు’ అని చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు స్టార్ట్ చేశారో ఆలోచించాల్సిందే. చల్లటి ఇంజిన్ మొదటి పది సెకన్లలో చేసే శబ్దం తర్వాత గంట నడిపినా వినబడదు. తర్వాత స్పీడ్ బ్రేకర్ల మీద మెల్లగా పోనివ్వండి, ముందు చక్రాల దగ్గర టక్‌టక్‌మంటే బుష్‌లు పోయినట్టు. వంద మీద నుంచి బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ వణుకుతోందా చూడండి. నిదానంగా వెళ్తున్నప్పుడు రెండో గేరు నుంచి మూడుకు మారేటప్పుడు కుదుపు ఉండకూడదు. బండి విశాఖ తెప్పించగలిగితే హనుమంతవాక నుంచి అడవివరం మీదుగా సింహాచలం ఘాట్ ఎక్కించండి. ఎక్కేటప్పుడు ఇంజిన్ బలం, దిగేటప్పుడు బ్రేకులు, రెండూ తేలిపోతాయి.

టైర్ల గురించి ఒక మాట. ఈ బండికి రన్‌ఫ్లాట్ టైర్లు వేస్తారు, గాలి పోయినా కొంతదూరం నడుస్తాయి. పక్క గోడలు గట్టిగా ఉండటంతో కుర్మన్నపాలెం, లంకెలపాలెం వైపు లారీలు తవ్వేసిన గుంతల్లో పడితే ఉబ్బిపోతాయి, రిమ్ములు వంకర పోతాయి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. అరుగుదల తక్కువగా కనిపించినా ఆరేళ్లు దాటితే మార్చాల్సినవే. ఒక్కోటీ ఇరవై వేల పైమాటే కాబట్టి నాలుగూ పాతవైతే ఎనభై వేలు ధర తగ్గించమనండి.

ఇక్కడ మీ శ్రీమతి మాట దగ్గరికి వస్తాను. ఆవిడ చెప్పింది కొట్టిపారేయకండి. కొత్త క్రెటాకు వారంటీ ఉంటుంది, ప్రతి ఊళ్లో సర్వీస్ ఉంటుంది, ఐదేళ్ల తర్వాత అమ్మితే గౌరవంగా డబ్బు వస్తుంది. ‘టెన్షన్ లేకుండా’ అన్న మీ మాట ఒక్కదాన్నే పట్టుకుంటే ఆవిడదే కరెక్టు. మీరు పదిహేడు లక్షలు పెట్టి కొంటున్నది ఒకప్పుడు నలభై లక్షలు పలికిన బండి. బండి ధర సగానికి పైగా పడిపోయింది కానీ దాని విడిభాగాల ధర పడలేదు. హెడ్‌లైటు పగిలినా, టర్బో పోయినా నలభై లక్షల బండి బిల్లే వస్తుంది. పైగా ఈ వయసు బండ్లకు జీరో డిప్రిసియేషన్ ఇన్సూరెన్స్ (పార్టులు పాతబడ్డాయని కోత పెట్టకుండా డబ్బిచ్చేది) దొరకడం కష్టం కాబట్టి, చిన్న దెబ్బ తగిలినా బిల్లులో కొంత మీ జేబులోంచే.

అందుకే ఇరవై లక్షల బడ్జెట్ అంటే బండికి పదహారున్నర మించొద్దు. ఏపీకి మార్పించుకోవాలంటే తెలంగాణ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి. అది వేలతో తెమలదు. ఎంత పడుతుందో ముందే ఆర్టీఏ ఆఫీసులో ఛాసిస్ నంబరు, ఇన్‌వాయిస్ ధర చూపించి లెక్క వేయించుకోండి. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానికి రీఫండ్ అడగొచ్చు కానీ దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేయకండి. పన్ను పోను మిగిలింది మొదటి ఏడాది పనులకు విడిగా ఉంచండి: గేర్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్, ఫిల్టర్లు, బెల్టులు, అవసరమైతే టైర్లు. ఆ తర్వాత ఏడాదికి లక్ష, లక్షన్నర పక్కన పెట్టగలరా? పెట్టలేమనిపిస్తే క్రెటా కొనుక్కుని హాయిగా ఉండండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

పెట్టగలం అనుకుంటే మాత్రం స్విఫ్ట్ అమ్మకండి. నా షరతుల్లో ఇది ముఖ్యమైంది. బీఎండబ్ల్యూకు ఏదో సెన్సర్ పోయి పార్టు రావడానికి పది రోజులు పట్టిందనుకోండి, ఆ పది రోజులూ పరవాడ ఎలా వెళ్తారు? స్విఫ్ట్ ఉంటే నవ్వుకుంటూ వెళ్తారు. లేకపోతే వర్క్‌షాపుకు రోజూ ఫోన్లు చేస్తూ, తొందరపెట్టి, దొరికిన డూప్లికేట్ పార్టు వేయించుకుంటారు. అక్కడి నుంచే బండి పాడవడం మొదలవుతుంది. ఊళ్లో ఉన్న వర్క్‌షాపు ఏ పనులు ఇక్కడే చేస్తుంది, ఏ పనికి బండిని లారీ ఎక్కించి హైదరాబాద్ పంపాలంటుంది అన్నది కూడా కొనకముందే అడగండి. ఆరువందల పైచిలుకు కిలోమీటర్లు, రవాణా ఖర్చు మీదే.

వాడకం మొదలుపెట్టాక స్క్రీన్ మీద ‘సర్వీస్‌కి ఇంకా టైముంది’ అని చూపించినా, పదివేల కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు ఇంజిన్ ఆయిల్ మార్పించండి. పోర్టు బొగ్గు దుమ్ము, ఫ్యాక్టరీల దుమ్ము మధ్య తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ కూడా పుస్తకం చెప్పినదానికన్నా ముందే మార్చాలి. ఒకసారి పాత ఫిల్టర్ తీయించి చూడండి, అర్థమవుతుంది. వారానికోసారి కింద భాగం మంచినీళ్లతో కడిగించండి, ముఖ్యంగా భీమిలి వైపు సముద్రం పక్కన తిరిగొస్తే. పదేళ్లు దాటితే డీజిల్ బండి తిరగనివ్వరని ఎవరైనా భయపెడితే, అది ఢిల్లీ ప్రాంతానికి సంబంధించిన గొడవ. మన దగ్గర రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు ఉంటుంది, తర్వాత రెన్యువల్.

డీలరు ‘ఇంకో పార్టీ రేపొస్తోంది, ఈరోజే యాభై వేలు అడ్వాన్స్ ఇవ్వండి’ అంటాడు. ఇవ్వకండి. ముందు హైదరాబాద్‌లోనే కంపెనీ వర్క్‌షాపులో గానీ, బీఎండబ్ల్యూ స్కానర్ ఉన్న బయటి గ్యారేజీలో గానీ డబ్బు కట్టి తనిఖీ చేయించండి. దానికి డీలరు ఒప్పుకోకపోతే ఆ బండి మీది కాదు. లోను ఉన్న బండి అయితే బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, లోను తీరిందని ఆర్సీలో బ్యాంకు పేరు తీయించే ఫారం 35 చేతికి వచ్చాకే మిగతా మాట. తనిఖీ రిపోర్టులో కూలెంట్ గురించో, గేర్‌బాక్స్ గురించో ఏమైనా రాసి ఉండి మీకు అర్థం కాకపోతే, డబ్బు కట్టే ముందు ఆ కాగితం నాకు పంపండి, చూసి చెబుతాను.